పాత టీవీ బండికి పైతొడుగు: నెల్లూరు తీరంలో చేసుకునే పద్ధతి

1960ల నుంచి 1980ల దాకా అమెరికా టీవీ ధారావాహికల కోసం ప్రత్యేకంగా కట్టిన బండ్లను చూసి, అలాంటిదొకటి తమ వాకిట్లో నిలబెట్టుకోవాలని ముచ్చటపడేవారు నెల్లూరు, ఒంగోలు వైపు కూడా ఉన్నారు. వారిలో నేనొకడిని. ఇప్పటికి రెండు చేశాను. ఒకటి బాగానే వచ్చింది, రెండోది సగంలో కరిగిపోయి మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. ఆ అనుభవంతో ఈ పద్ధతిని రాస్తున్నాను. ఇక్కడ చెప్పబోయేది రోడ్డు మీద నడిపే బండి గురించి కాదు. పెళ్లి ఊరేగింపులోనో, బడి వార్షికోత్సవంలోనో, వినాయక చవితి పందిరి ముందో నిలబెట్టడానికి అసలు బండి కొలతలతో చేసే పైతొడుగు గురించి మాత్రమే. ఇందుకు కావలసిన చేతిపనివారంతా ఈ రెండు జిల్లాల్లోనే దొరుకుతారు, కాకపోతే వారెవరూ తమను కార్ల పనివారిగా చెప్పుకోరు.

ముందు గుర్తు తేల్చుకోవాలి

ఏ బండి చేయాలన్న ప్రశ్న కన్నా ముందు తేలవలసింది మరొకటి ఉంది. ఆ బండిని దూరం నుంచి చూసినవాడు దేన్ని బట్టి గుర్తుపడతాడు? పాత టీవీ బండ్లను కట్టినవారు చిన్న తెర మీద, మసక బొమ్మలో, రెండు మూడు సెకన్లు కనబడే బండి కోసం పనిచేశారు. అందువల్ల ప్రతి మంచి టీవీ బండికీ ఒకే ఒక్క గుర్తు ఉంటుంది, మిగిలినదంతా ఆ గుర్తును మోసే కారు.

1966 జనవరిలో మొదలైన బ్యాట్‌మ్యాన్ ధారావాహిక బండినే చూడండి. అది కొత్తగా కట్టిన కారు కాదు. లింకన్ ఫ్యూచురా అనే ప్రదర్శన కారును ఇటలీలోని ట్యూరిన్ నగరంలో గియా సంస్థ చేతిపనితో కట్టగా, అది 1955లో ప్రదర్శనకు వచ్చింది. ఆ తర్వాత కాలిఫోర్నియాలో కస్టమ్ కార్లు కట్టే జార్జ్ బారిస్ చేతికి చేరింది. టీవీ వారి గడువు తక్కువగా ఉండటంతో సుమారు మూడు వారాల్లో దాన్ని మార్చారని చెబుతారు. వెనుక రెక్కలు, సీట్ల మీది రెండు పారదర్శక ప్లాస్టిక్ బుడగలు ఫ్యూచురాకు పుట్టుకతోనే ఉన్నాయి. బారిస్ మనుషులు ముక్కును గబ్బిలం ముఖంలా దిద్దారు, చక్రాల తోరణాల అంచులను రెక్క అంచులా కోశారు, నల్ల రంగు వేసి అంచుల వెంట మెరిసే ముదురు గులాబీ గీత లాగారు. నల్లటి కారు చీకటి దృశ్యంలో కలిసిపోకుండా దాని ఆకారాన్ని కంటికి గీసి చూపించేది ఆ గీతే. 2013 జనవరిలో అరిజోనాలో జరిగిన వేలంలో ఆ కారుకు పలికిన పాట 42 లక్షల డాలర్లు.

నైట్ రైడర్ (1982–1986) కారు ఇంకా తేలికైన ఉదాహరణ. అది అప్పట్లో షోరూములో దొరికిన పాంటియాక్ ఫైర్‌బర్డ్ ట్రాన్స్ యామ్. బయటి మార్పుల్లో ముఖ్యమైనవి ముక్కు దగ్గరే ఉన్నాయి, ఆ ముక్కులో అటూ ఇటూ పరుగెత్తే ఎర్ర దీపం ఉంది. దీపం ఆర్పేస్తే నూటికి తొంభై మంది దాన్ని మామూలు నల్ల కారనే అనుకుంటారు. 1964లో వచ్చిన మన్‌స్టర్స్ ధారావాహిక కోసం ఫోర్డ్ మోడల్ టీ బాడీలు మూడింటిని కలిపి 18 అడుగుల పొడవున కట్టిన బండికి ఆ పొడవే గుర్తు. డ్యూక్స్ ఆఫ్ హజార్డ్ (1979–1985) వారు కారు గాల్లోకి దూకే దృశ్యాల కోసం సుమారు 300 డాడ్జ్ చార్జర్లను పాడుచేశారు. అన్ని కార్లు మారినా చూసేవారికి ఒకే కారనిపించడానికి నారింజ రంగు, తలుపు మీద 01 అంకె సరిపోయాయి. ఆ కారు పైకప్పు మీది జెండాను మాత్రం దించుకోకండి. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవాలనుకున్న పక్షం జెండా అది, 2015లో ఆ బొమ్మ కార్ల లైసెన్సును స్టూడియో వారే ఆపేశారు.

మీరు ఎంచుకున్న బండికి గుర్తు ఏదో ఒక్క వాక్యంలో రాసుకోండి. డబ్బులో, సమయంలో సగం ఆ వాక్యానికే పోవాలి. కిటికీ చట్రాలు, లోపలి సీట్లు, అడుగు భాగం వంటి వాటిపై మొదటి నెలంతా గడిపి, తీరా ముక్కు దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేసినవారిని చూశాను.

రోడ్డు ఎందుకు వద్దు

నడిచే కారునే కోసి ఇలా మార్చుకోకూడదా అని అందరూ అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్ణయించిన మూల వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అంతకన్నా ముఖ్యం, కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మామూలు బండి ముందువైపుకు ఎర్ర దీపం చూపకూడదు, రకరకాల స్వరాలు పలికే హారను పెట్టకూడదు. అంటే నైట్ రైడర్ కారుకు ప్రాణమైన దీపం, డ్యూక్స్ కారుకు పేరు తెచ్చిన పాట హారను రెండూ మన రోడ్డు మీద చెల్లవు. గుర్తు తీసేశాక మిగిలేది ఉత్త కారు.

అందుకే ఇనుప పైపుల చట్రం మీద విడిగా నిలిచే పైతొడుగు చేసి, లారీ మీద ఎక్కించి తీసుకువెళ్లడం మంచిది. పాత కారు బాడీనే వాడదలచుకుంటే ముందుగా దాని రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. కొందరు కాంటెస్సా కారును కోయాలని చూస్తారు, దాని పొడవాటి ముక్కు అమెరికా కార్లను తలపిస్తుంది గనుక. 2002లోనే ఆగిపోయిన ఆ కారు మంచి స్థితిలో దొరికితే దానిని దానిలాగే ఉంచడం న్యాయం.

మరొక హెచ్చరిక. 2015లో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టు, బ్యాట్‌మ్యాన్ గబ్బిలం కారుకు కథలోని పాత్రలాగే కాపీరైటు ఉన్నదని తీర్పు చెప్పింది. దాని నకళ్లు చేసి అమ్మిన వ్యక్తి ఓడిపోయాడు. ఇంటి ముచ్చటకు ఒకటి చేసుకోవడం వేరు, అద్దెలకు తిప్పడం, అమ్మడం వేరు. నా మటుకు నాకు, ఆ బండ్ల ధోరణిని పట్టుకుని సొంతంగా ఒక ఆకారం గీసుకోవడమే ఇష్టం.

గీత నుంచి ఆకారానికి

మొదటిసారి చేసేవారు వ్యాను ఎంచుకోండి. ఎ-టీమ్ (1983) ధారావాహికలోని జీఎంసీ వ్యానుకు వంపులు తక్కువ, గుర్తు అంతా రంగులోనే ఉంది. ప్లైవుడ్డు, రేకు, రంగు చాలు. అయితే దానిని అందరూ పూర్తి నలుపనుకుని పొరబడతారు. పక్కల మీది ఎర్ర చారకు పై భాగం మెరుపు బూడిద రంగు, కింది భాగమే నలుపు. ఆ ఒక్క తేడా పాటిస్తే తెలిసినవారు దగ్గరికి వచ్చి చేయి కలుపుతారు.

వంపుల బండి అయితే ముందు పూర్తి కొలత గీత కావాలి. సరిగ్గా పక్క నుంచి, దూరం నుంచి తీసిన ఫొటో సంపాదించండి. దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముక్కు ఉబ్బి, తోక సన్నగిల్లి కనబడుతుంది. ముందు చక్రం ఇరుసు నుంచి వెనుక చక్రం ఇరుసు దాకా ఉన్న దూరాన్ని ఆధారంగా తీసుకుని మిగిలిన కొలతలన్నీ లెక్కగట్టండి. తర్వాత గోడౌను గోడ మీద సున్నంతో గానీ, నేల మీద చాక్‌పీసుతో గానీ అసలు కొలతలో గీయండి. కాగితం మీద అందంగా కనబడిన వంపు గోడ మీద మొద్దుగా తేలడం మామూలే, దాన్ని అక్కడే దిద్దుకోవచ్చు.

ఇక్కడే రవాణా లెక్క కూడా చూసుకోండి. గబ్బిలం కారు పొడవు సుమారు 19 అడుగులు, వెడల్పు ఏడడుగులకు పైమాటే, ఎత్తు మాత్రం నాలుగడుగులు. పైతొడుగు పూర్తయ్యాక షెడ్డు తలుపులోంచి బయటకు రాకపోతే, లారీ తొట్టిలో పట్టకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. మీ ఊళ్లో దొరికే లారీ తొట్టిని లోపలివైపు టేపుతో కొలిచి, అవసరమైతే తొడుగును తలుపుల గీత దగ్గర రెండు ముక్కలుగా విడదీసి బోల్టులతో బిగించేలా మొదటే నిర్ణయించండి.

చట్రానికి ఒకటిన్నర అంగుళాల చదరపు ఇనుప పైపు సరిపోతుంది. దానిమీద అడుగుకొకటి చొప్పున అడ్డంగా ప్లైవుడ్డు పక్కటెముకలు నిలపండి, పడవకు నిలిపినట్టే. వాటి మధ్య ఖాళీలను నింపే పని పెళ్లి మండపాల డెకరేషన్ చేసేవారికి అప్పగించండి. వేడి తీగతో థర్మాకోల్‌ను కోసి ఏనుగులను, నెమళ్లను, ద్వారాలను చేసే చేతులకు కారు ముక్కు ఒక లెక్క కాదు.

ఫైబర్ పని

ఈ తీరంలో పుట్టినందుకు మనకు దక్కిన సదుపాయం ఇది. మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె, పాకల, కొత్తపట్నం వంటి తీర గ్రామాల్లో ఇప్పుడు చెక్క తెప్పల కన్నా ఫైబర్ పడవలు ఎక్కువ. వాటి పగుళ్లు పూడ్చే మేస్త్రీలు రెజిన్ (జిగురు ద్రవం), మ్యాట్ (గాజు నారతో చేసిన పరుపు), హార్డెనర్‌ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం)తో నిత్యం పనిచేస్తారు. బారిస్ కూడా తన గబ్బిలం కారు మీద అచ్చు తీసి, ఫైబర్‌గ్లాసుతోనే ప్రదర్శన నకళ్లు పోయించి, వాటిని పొడవు పెంచిన ఫోర్డు గెలాక్సీ ఛాసిస్‌ల మీద కూర్చోబెట్టాడు. పద్ధతి అదే, పదార్థం అదే.

అయితే మేస్త్రీని ఎప్పుడు పిలవాలో తెలిసి పిలవండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం ఉంటుంది, పడవల మరమ్మతులన్నీ ఆ 61 రోజుల్లోనే జరుగుతాయి. ఆ సమయంలో ఆయన మీ ముచ్చటకు రారు, రావాలని అడగడం కూడా భావ్యం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడి, తుపానుల భయం. తడి గాలిలో రెజిన్ పైపొర జిడ్డుగా మిగిలి సరిగా ఆరదు. సంక్రాంతి వెళ్లాక మార్చి నెలాఖరు లోపు, ఉదయం మంచు ఆరిన తర్వాత పని పెట్టుకోవడం అన్ని విధాలా మేలు.

నా రెండో బండి కరిగిపోయింది ఈ దశలోనే. ముక్కును థర్మాకోల్‌తో ఎంతో పొందికగా చెక్కించాను. మేస్త్రీ రాకకు ఆగలేక నేనే రెజిన్ కలిపి దానిమీద నేరుగా పూశాను. పడవలకు వాడే పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. పది నిమిషాల్లో వారం రోజుల పని గుంటలు పడి కూలిపోయింది. సాయంత్రం వచ్చిన మేస్త్రీ దాన్ని చూసి, “అబ్బయ్యా, దానిమీద రెజిన్ పోస్తే ఉప్పు మాదిరి కరిగిపోద్దని చిన్నపిల్లోడు గూడా చెప్తాడే” అని నవ్వాడు. థర్మాకోల్ మీద ముందుగా ఫెవికాల్‌తో మందపాటి కాగితం రెండు మూడు పొరలు అంటించి, ఎక్కడా చిన్న రంధ్రం కూడా లేకుండా మూసి, పూర్తిగా ఆరబెట్టాకే రెజిన్ తాకించాలి. పలచగా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పూసి, దానికి రంగు పూత వేసినా సరిపోతుంది. ఎపాక్సీ రెజిన్ థర్మాకోల్‌ను కరిగించదు గాని, ఇంత పెద్ద తొడుగుకు దాని ఖరీదు భరించలేము.

ఒకే తొడుగు చేసేవారు అచ్చు తీయనవసరం లేదు, ఆకారం మీదనే నేరుగా పొరలు వేసి పైన లప్పంతో నునుపు చేసుకోవచ్చు. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ రెండు పొరలు, మలుపుల దగ్గర మూడు పొరలు వేయండి. మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు రెజిన్ పడుతుంది. అంటే పది చదరపు మీటర్ల తొడుగుకు రెండు పొరలకు తొమ్మిది కిలోల మ్యాట్, ఇరవై కిలోలకు అటూ ఇటూగా రెజిన్ కావాలి. కిలో రెజిన్‌కు హార్డెనర్ పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు. మార్చి ఎండలో పదికి మించవద్దు. ఒక్కసారి అరకిలోకు మించి కలపవద్దు, ఎండవేళ ఎక్కువ కలిపితే మగ్గులోనే వేడెక్కి పొగలు కక్కుతుంది. బ్రష్షుతో తడిపిన తర్వాత ఇనుప రోలరుతో గాలి బుడగలను బయటకు నెట్టండి. బుడగ మిగిలిన చోట తర్వాత పెంకులా ఊడుతుంది.

ఇది జాగ్రత్తగా చదవండి. రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ ద్రవాన్ని కొన్ని దుకాణాల్లో విడిగా ఇస్తారు. దానిని ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పోయాలి. కోబాల్ట్, హార్డెనర్ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి కలిపితే మంటలు లేస్తాయి, పేలవచ్చు కూడా. రెండు సీసాలను ఒకే పెట్టెలో పెట్టకండి. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది గనుక కళ్లద్దాలు తప్పనిసరి. గుడ్డ మాస్కు స్టైరీన్ ఆవిరిని ఆపదు, రసాయన ఆవిరి కోసం తయారైన కార్ట్రిడ్జి మాస్కు కొనండి. పక్కన బీడీ వెలిగించేవారిని మర్యాదగా పంపించేయండి.

నలుపు, మెరుపు

ఫైబర్ ఆరాక లప్పం, ఆపై వాటర్ పేపరు. ముందు 220, తర్వాత 400, చివర 800 నంబరు. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా వదలకూడదు. ముఖ్యంగా నల్ల రంగు వేసేవారికి, ఎందుకంటే తెల్ల రంగు దాచిపెట్టే గుంటలను, అలలను నిగనిగలాడే నలుపు వరసపెట్టి చూపిస్తుంది. తొడుగు పక్కగా ట్యూబులైటు పట్టుకుని దాని ప్రతిబింబాన్ని చూడండి. ప్రతిబింబం తిన్నగా సాగితే రంగు వేయవచ్చు, వంకరపోతే మళ్లీ లప్పం. రంగు వేయడానికి కారు పెయింటింగు షెడ్డుకే వెళ్లండి, అక్కడ దుమ్ము తక్కువ.

గులాబీ గీత లాంటి మెరుపు గీత కోసం చాలామంది నేరుగా నలుపు మీద ఫ్లోరసెంట్ రంగు వేసి, వెలుగు రావడం లేదని వాపోతారు. ఆ రంగు కింద తెలుపు పొర లేకపోతే మెరవదు. పైగా మన ఎండకు కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది. నా సలహా, ఆటోల మీద అక్షరాలు అంటించే రేడియం స్టిక్కరు దుకాణానికి వెళ్లి, కావలసిన వెడల్పున గీతలు కోయించుకోవడం. వెలిసిన ఏడాది పీకేసి కొత్తది అంటించుకోవచ్చు.

పరుగెత్తే దీపం

తిరునాళ్లకు విద్యుత్ ప్రభలు కట్టేవారిని, పందిళ్లకు సీరియల్ సెట్లు వేసేవారిని అడిగితే ఈ దీపం నిమిషాల్లో అర్థమవుతుంది. అటూ ఇటూ పరుగెత్తే వెలుగుకు వరుసగా విద్యుత్ తట్లు ఇచ్చే 555 టైమరు, ఒక్కో తట్టుకు ఒక్కో అవుట్‌పుట్‌ను వరుసగా తెరిచే 4017 కౌంటరు అనే రెండు చిన్న ఐసీలు (చిప్పులు) చాలు. 4017కు పది అవుట్‌పుట్లు ఉంటాయి. ఆరు దీపాలకు మొదటి ఆరు అవుట్‌పుట్లు వరుసగా ఇవ్వండి. మిగిలిన నాలుగింటిని ఐదు, నాలుగు, మూడు, రెండో దీపాలకు వెనుదిరిగే వరుసలో కలపండి. నడుమ ఉన్న ఈ నాలుగు దీపాలకు రెండేసి దారులు వస్తాయి కాబట్టి ఒక్కో దారికి ఒక 1N4148 డయోడు, మొత్తం ఎనిమిది కావాలి. ఐసీ నేరుగా బల్బును వెలిగించలేదు; ఒక్కో దీపానికి ఒక TIP122 ట్రాన్సిస్టరు, దాని బేసుకు 4.7 కిలో ఓముల రెసిస్టరు పెట్టండి. 555కు 10 కిలో ఓముల రెసిస్టరు, 100 కిలో ఓముల వేరియబుల్, ఒక మైక్రోఫారడ్ కెపాసిటరు ఇస్తే సెకనుకు ఏడు తట్ల నుంచి పైకి వేగాన్ని తిప్పుకోవచ్చు. ఒక పూర్తి రాకపోకకు సెకను పట్టేలా నిలపండి, అంతకన్నా వేగం పెంచితే ఆలోచిస్తున్న యంత్రంలా కాక కంగారుపడుతున్నట్టు కనబడుతుంది.

దీపాలుగా ఎల్‌ఈడీలు వద్దు, కార్లలో వాడే 12 వోల్టుల, 5 వాట్ల పాత రకం బల్బులు వాడండి. ఎల్‌ఈడీ తటాలున ఆరిపోతుంది, తీగ బల్బులో తీగ చల్లారడానికి క్షణం పడుతుంది కాబట్టి వెలుగు వెనుక తోకలా ఎరుపు మిగులుతుంది. ఒకేసారి ఒక్క బల్బే వెలుగుతుంది గనుక యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ రాత్రంతా నడుపుతుంది. బల్బుల ముందు ఎర్ర అక్రిలిక్ పలక, దానిమీద అడ్డంగా సన్నని నల్ల పట్టీలు వేస్తే పగలు దీపాలు కనబడవు, రాత్రి వెలుగు మాత్రమే కదులుతుంది. పైతొడుగును లారీ మీద తరలించేటప్పుడు మాత్రం ఈ దీపం ఆర్పి, బ్యాటరీ తీగ ఊడదీయండి.

నిలిపి ఉంచడం

ఉప్పుగాలి తగిలే ఊళ్లలో తొడుగు చెడదు, దాని లోపలి ఇనుప చట్రమే ముందు చెడుతుంది. వెల్డింగు చేసిన ప్రతి అతుకునూ గ్రైండరుతో శుభ్రం చేసి రెడ్ ఆక్సైడు, ఆపై ఎనామిల్ పూయండి, పైపు కొనలను మూసేయండి. తొడుగును నేల మీద నేరుగా పెట్టక నాలుగు ఇటుకల ఎత్తున నిలపండి. నీలి టార్పాలిన్‌ను బిగించి కప్పితే లోపల చెమ్మ పట్టి నలుపు మీద తెల్ల మచ్చలు వస్తాయి, అందుకే టార్పాలిన్‌కు, తొడుగుకు మధ్య గాలి ఆడేలా నాలుగు వెదురు కర్రలు నిలిపి వాటిమీద కప్పండి. ఏటా కార్తీకం వెళ్లాక ఒకసారి బోల్టులన్నీ విప్పి, గ్రీజు రాసి, మళ్లీ బిగించండి.